పొదుగులోని తాళం – బర్రె ఎట్లు చేపుతుంది?

(ధూల్‌పేటలో పాడి పెంపకందారుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



నేను పశువైద్యుడను కాను. వ్యవసాయ కళాశాలలో సస్యశాస్త్రం బోధించే ఉపన్యాసకుడను. గడ్డి, గింజ, నేల, నీరు – ఇవి నా విద్య. పోయిన మారు పచ్చిమేతను గురించి మాట్లాడడానికే మీ ధూల్‌పేటకు వచ్చినాను. పురానాపూల్ దాటి మీ వీధులలో నడుస్తుంటే ఒక ప్రక్క వినాయక విగ్రహాలు, ఒక ప్రక్క పతంగులు. వాటి నడుమ ఒక వాకిట నాలుగు బర్రెలు కట్టివేసి ఉన్నవి. పుస్తకాలలో మేము గేదె అని వ్రాస్తాము. మీరు బర్రె అంటారు. ఈ రోజు మీ మాటనే వాడుతాను.

మూసీ వెంట పెరిగే పారాగడ్డి సంగతి సగంలో ఉండగా ఒక పెద్దమ్మ లేచి నిలబడినది. “సార్, గడ్డి ముచ్చట తర్వాత చెప్పుండ్రి. నా బర్రె సూది లేంది చేపుతలేదు. ఒక్కపూట సూది లేకుంటే గిన్నె తడవదు. గిదేం రోగం?” అని అడిగినది. నలుగురు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. ఆనాడు సరియైన జవాబు చెప్పలేకపోయినాను కూడా.

ఏలననగా, ఇది మా ఇంటిలో జరిగిన సంగతే. నేను బడికి పోయే రోజులలో మా అమ్మకు ఒక బర్రె ఉండేది. ఈనిన పన్నెండవ రోజున దూడ చనిపోయినది. బర్రె పాలు ఎగబట్టినది. ఎవరో ఒక చిన్న సీసా తెచ్చి, సూది వేసి చూపించినారు. ఆ పూట చెంబు నిండినది. ఇంట్లో అందరమూ సంతోషించినాము. మూడు నెలలు తిరగకముందే సూది లేనిదే ఒక్క ధార రాని స్థితి వచ్చినది. తరువాత సూదికి కూడా పాలు తగ్గినవి. కాలం కాకముందే బర్రె వట్టిపోయినది. అంగడికి తోలినారు. మా అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

కావున ఈ మారు నేను చదువుకొని, పశువైద్య శాస్త్రం తెలిసిన మిత్రులను అడిగి, జవాబు తెచ్చినాను. అది కొంచెం లోతైన విషయమే. అయినా, చదువు వచ్చిన రైతుకు అర్థం కానిది ఇందులో ఏదీ లేదు.

పాలు ఎక్కడ ఉంటవి?

పొదుగు ఒక సంచి అనీ, చన్ను దాని మూతి అనీ మనం అనుకుంటాము. అది సరికాదు. పొదుగు లోపల ద్రాక్షగుత్తుల వంటి నిర్మాణం ఉన్నది. కంటికి ఆనని చిన్న చిన్న తిత్తులు లక్షలాదిగా ఉండి, వాటిలో పాలు తయారవుతవి. తిత్తుల నుంచి సన్నని నాళాలు బయలుదేరి, ఒకదానితో ఒకటి కలసి, చన్ను పైన ఉండే పాలగదిలోకి చేరుతవి.

ఆవుకు, పితికే వేళకు, మొత్తం పాలలో సుమారు అయిదవ వంతు ఈ గదిలో సిద్ధంగా ఉంటుంది. బర్రెకు గది చిన్నది. ముర్రా బర్రెలను పరీక్షించి చూడగా నూటికి సుమారు అయిదు పాళ్ళే గదిలో ఉన్నట్లు తేలినది. తక్కిన తొంభై అయిదు పాళ్ళూ తిత్తులలో చిక్కుకొని ఉంటవి. చన్ను ఎంత లాగినా ఆ పాలు రావు. తిత్తులను లోపలినుంచి ఎవరో పిండవలెను. అట్లా పిండితే పాలు గదిలోకి దిగుతవి. దీనినే మనం చేపుట అంటాము. చేపని బర్రె వద్ద పాలు లేవని కాదు, అవి దిగలేదని అర్థం.

కబురు ఎట్లు పోతుంది?

దూడ మూతితో పొడిచినా, మీ చేయి చన్నును తాకినా, నరాల ద్వారా కబురు మెదడుకు పోతుంది. మెదడు అడుగున చిన్న గ్రంథి ఒకటి వేలాడుతూ ఉంటుంది. దీనిని పీయూష గ్రంథి అంటారు. పీయూషమంటే అమృతమనీ, అప్పుడే ఈనిన ఆవు పాలనీ అర్థం. ఈ గ్రంథి వెనుక భాగంలో ఆక్సిటోసిన్ అనే హార్మోను నిలువ ఉంటుంది. కబురు అందగానే అది రక్తంలోకి వదలబడుతుంది. రక్తం దానిని పొదుగుకు చేరుస్తుంది.

హార్మోను అంటే ఒక అవయవంలో పుట్టి, రక్తంలో ప్రయాణించి, దూరాన ఉన్న మరొక అవయవానికి పని చెప్పే పదార్థం. ఇందులో కొన్ని అమినో ఆమ్లాలనే పూసలను గుచ్చినట్లు ఉంటవి. వీటికే పెప్టైడు హార్మోనులని పేరు. చక్కెర వ్యాధికి ఇచ్చే ఇన్సులిన్ కూడా ఈ జాతిదే. అందులో పూసలు 51. ఆక్సిటోసిన్‌లో తొమ్మిది మాత్రమే. అందులో ఒకటవ పూస, ఆరవ పూస గంధకపు ముడితో కలిసిపోయి ఉంగరం అవుతుంది. మిగిలిన మూడు పూసలు తోకవలె ఉంటవి. అమెరికాలో విన్సెంట్ డు విన్యో అనే శాస్త్రవేత్త 1953లో ఈ అమరిక కనుగొని, ప్రయోగశాలలో దానిని తయారుచేసినాడు. ఒక పెప్టైడు హార్మోనును మనిషి చేతితో తయారుచేయడం అదే మొదలు. 1955లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చినది.

తాళం, తాళపుచెవి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. హార్మోను రక్తంలో ఒళ్ళంతా తిరుగుతుంది. మరి చెవికి, కొమ్ముకు కాక పొదుగుకే ఎందుకు పని చెబుతుంది? పని చెప్పించుకొనే తాళం ఉన్నచోటనే అది పని చేస్తుంది. ఈ తాళానికి శాస్త్రంలో గ్రాహకమని పేరు.

పాల తిత్తి చుట్టూ బుట్ట అల్లినట్లు కొన్ని కండర కణాలు పెనవేసుకొని ఉంటవి. ఆ కణాల పైపొరలో ఆక్సిటోసిన్ గ్రాహకాలు గుచ్చుకొని ఉంటవి. ఒక్కొక్క గ్రాహకం పొడవైన మాంసకృత్తు దారం. అది కణపు పొరను లోపలికి, బయటికి ఏడుమార్లు కుట్టినట్లు దాటుతుంది. బయటి వైపున దానిలో ఒక గుంట ఉన్నది. ఆక్సిటోసిన్ ఉంగరం ఆ గుంటలోకి దిగి కూర్చుంటుంది. తోక గుంట మూతి వద్ద నిలుస్తుంది. హార్మోను, గ్రాహకం ఇట్లా కూర్చున్న రూపాన్ని 2022లో శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినులతో చిత్రించి చూపించినారు.

తాళపుచెవి అని పోలిక చెప్పినాను గాని, ఒక భేదం ఉన్నది. ఈ చెవి ఇంటిలోకి రాదు. హార్మోను కణం లోపల అడుగుపెట్టకుండానే లోపలి పని జరిపిస్తుంది. ఇది ఎట్లాగో మీ ధూల్‌పేట పిల్లవాడిని అడిగినా చెబుతాడు. సంక్రాంతికి మిద్దె మీద నిలబడి మాంజాను చేతితో ఒక్క గుంజు గుంజితే, ఎక్కడో ఆకాశంలో పతంగి తల తిప్పుతుంది. చేయి పతంగిని తాకలేదు. దారం ఒక కొన కదిలితే రెండవ కొన కదిలినది. గ్రాహకమూ అంతే. బయటి గుంటలో ఉంగరం కూర్చోగానే దారపు మడతలు జరుగుతవి. లోపలి వైపున ఒక మడత ప్రక్కకు తొలగి ఖాళీ ఏర్పడుతుంది. లోపల కాచుకొని ఉన్న ‘జి’ అనే మాంసకృత్తు ఆ ఖాళీలో వచ్చి తగులుకొని, మేల్కొంటుంది. అది మరొకదానిని, ఆ మరొకటి ఇంకొకదానిని లేపుతుంది. చివరకు కణం లోపలి గాదెలో దాచి ఉన్న సున్నపు ధాతువు, అనగా కాల్షియం, ఒక్కసారిగా విడుదలవుతుంది. కాల్షియం తగలగానే కండర కణం ముడుచుకుంటుంది. బుట్ట బిగుస్తుంది. తిత్తి పిండబడుతుంది. పాలు దిగుతవి.

ఇట్లు ముడుచుకొనడానికి కావలసిన శక్తిని ఇచ్చేది ఏ.టి.పి. అనే పదార్థం. దానిని 1929లో లోకానికి తెలిపినవారిలో ఒకరు మన తెలుగువాడు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి ఆయన ఈ పని చేసినాడు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా దీనిని కనుగొన్నాడు. మీ బర్రె చేపిన ప్రతిసారీ ఆ పదార్థమే ఖర్చవుతున్నది.

ఈ తాళాలు పొదుగులోనే కాక గర్భసంచిలో కూడా ఉన్నవి. ఈనే రోజులు దగ్గరపడే కొద్దీ అక్కడ తాళాల సంఖ్య బాగా పెరుగుతుంది. చెవి ఒకటే అయినా అక్కడ అది గర్భసంచిని ముడిపిస్తుంది. నొప్పులు వచ్చేది అందువలననే. చూడి బర్రెకు, ముఖ్యంగా నెలలు నిండుతున్న దానికి, పాల కోసం ఈ సూది వేయడం ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహించవలెను.

భయపడిన బర్రె ఎందుకు చేపదు?

1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు ఒక విచిత్రమైన ప్రయోగం చేసినారు. పితికే సమయానికి ఆవు వీపుపై పిల్లిని ఉంచి, ప్రక్కన కాగితపు సంచులు టపటప ప్రేల్చినారు. ఆవు చేపలేదు. భయం కలిగినప్పుడు ఒంటిలో అడ్రినలిన్ అనే మరొక హార్మోను పుడుతుంది. అది పొదుగుకు పోయే రక్తనాళాలను బిగిస్తుంది. ఆక్సిటోసిన్ తన తాళం వరకు చేరదు. భయం ఎక్కువైతే మెదడు ఆక్సిటోసిన్‌ను వదలడమే మానుతుంది.

కొత్త మనిషి, కర్ర దెబ్బ, కుక్క మొరుగు, వీధిలో బాణసంచా – ఇవన్నీ ఆ కాగితపు సంచుల వంటివే. మన పట్నపు బర్రె ఇరుకు వాకిట నిలబడి, మోటారు హారన్ల మధ్య పాలు ఇవ్వవలసి ఉన్నది. దానిపై కోపం తెచ్చుకొని అదిలిస్తే, ఉన్న పాలను మన చేతితో మనమే పైకి తోసినట్లు.

సూది ఎందుకు అలవాటవుతుంది?

పెద్దమ్మ ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉన్నది.

బర్రె తనంతట తాను వదిలే ఆక్సిటోసిన్ అత్యల్పం. రక్తంలో దాని బలం కొద్ది నిమిషాలలో సగానికి తగ్గిపోతుంది. పని జరిగినది, కబురు చెరిగినది. తాళాలు మరునాటికి సిద్ధం. సూదితో ఎక్కించే మోతాదు దీనికి ఎన్నో రెట్లు. అన్ని తాళాలూ ఒక్కసారిగా, మళ్ళీ మళ్ళీ తిప్పబడుతవి. అదేపనిగా తలుపు బాదుతుంటే ఇంటివారు ఏమి చేస్తారు? గడియ బిగించుకొని కూర్చుంటారు. కణమూ అట్లే చేస్తుంది. గ్రాహకం లోపలి కొనకు ముద్ర వేసి, అరెస్టిన్ అనే మాంసకృత్తును అడ్డుపెట్టి, కొన్ని తాళాలను పైపొర నుంచి లోనికి లాక్కుంటుంది. అప్పుడు బర్రె స్వయంగా వదిలే కొద్దిపాటి హార్మోను చాలదు. ఆవులకు రోజూ ఈ సూది వేసి, తరువాత మాన్పి చూచిన ప్రయోగాలలో ఇదే కనిపించినది. హార్మోను ఊరుతూనే ఉన్నా, పొదుగు మునుపటివలె స్పందించలేదు.

మీలో కొందరి ఇండ్లలో చక్కెర వ్యాధి గలవారు ఉండవచ్చు. వారిలో చాలామందికి ఇన్సులిన్ ఉన్నా అది తగినంత పనిచేయదని వైద్యులు చెప్పడం వినే ఉంటారు. చెవి ఉండీ తాళం మొరాయించే స్థితి అది. కారణాలు వేరు కావచ్చు గాని, పోలిక గుర్తుంచుకొనడానికి పనికివస్తుంది.

మరొక మాట. సూది పాలను పుట్టించదు. పుట్టిన పాలను దించుతుంది, అంతే. పాలను పుట్టించేవి మేత, దాణా, నీరు. తిత్తులలో పాలు పూర్తిగా దిగక రోజూ మిగిలిపోతే, పొదుగు పాలు తయారుచేయడమే తగ్గించుకుంటుంది. మా అమ్మ బర్రె కాలం కాకముందే వట్టిపోయిన కారణం నాకు ఇన్నేళ్ళకు బోధపడినది.

చట్టం ఏమంటుంది?

సూది రాకముందు కొన్నిచోట్ల ‘ఫూకా’ అనే క్రూరమైన పద్ధతి ఉండేది. బర్రె జననాంగంలోకి గాలి ఊది చేపించేవారు. లోపలి దారి సాగినప్పుడు మెదడుకు కబురు పోయి ఇదే ఆక్సిటోసిన్ వదలబడుతుంది. కారణం తెలియకపోయినా, జంతువును హింసించి ఫలం పొందినారు. 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్, ఫూకాను గాని, పాలు పెంచడానికి పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదిమందును గాని నేరమన్నది. వేయి రూపాయల వరకు జరిమానా, రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండూ. పైగా పశువును ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది.

ఈ మందు చెడ్డదని మాత్రం అనుకోకూడదు. కాన్పు తరువాత రక్తస్రావమయ్యే తల్లుల ప్రాణాలు నిలిపేది ఇదే. 2018లో కేంద్ర ప్రభుత్వం దీని తయారీని ప్రైవేటు కంపెనీలకు నిషేధించగా, తల్లులకు కొరత వస్తుందన్న వాదం నడిచినది. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినది. వైద్యుని చీటీ లేనిదే ఈ మందు అమ్మరాదు. చీటీ లేకుండా, పేరు లేని సీసాలో దొరికేదానిలో ఏమున్నదో కొన్నవారికీ తెలియదు.

పాలు త్రాగేవారి సంగతి కూడా అడుగుతారు. ఆక్సిటోసిన్ పెప్టైడు గనుక మన కడుపులో మాంసకృత్తులవలె జీర్ణమైపోతుంది. నోటితో తీసుకుంటే పనిచేయదు గనుకనే దానిని సూదిగా ఇస్తారు. కావున పుకార్లకు భయపడనక్కరలేదు. అయితే నష్టమంతా బర్రెది, దానిని నమ్ముకొన్న మీది.

మరి ఏమి చేయవలెను?

1. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, వీలయినంతవరకు ఒకే మనిషి పితకవలెను. చెంబు చప్పుడు, మనిషి గొంతు కూడా అలవాటైన బర్రెకు కబురే.

2. ముందుగా గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, చేతులతో మెల్లగా నిమరవలెను. ఆవు సుమారు నిమిషంలో చేపితే, బర్రెకు రెండు నిమిషాలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పట్టవచ్చు. ఇక్కడ ఓపిక పట్టనివారే సూదివైపు చూస్తారు.

3. పితికేటప్పుడు దాణా ముందు పెట్టవలెను. తింటున్న బర్రె నెమ్మదిగా ఉంటుంది. దూడ ఉంటే కొద్దిసేపు కుడవనివ్వవలెను. దూడ చనిపోతే మొదటిరోజు నుంచే నిమరుట, దాణా పెట్టుట అలవాటు చేయవలెను.

4. చేపిన తరువాత ఆలస్యం చేయకూడదు. హార్మోను బలం నిమిషాలదే గనుక ఆపకుండా, తొందరగా, పూర్తిగా పితకవలెను. మధ్యలో లేచి పోయి వస్తే పాలు నిలిచిపోతవి.

5. కొట్టడం, అరవడం, తోక మెలిపెట్టడం పూర్తిగా మానవలెను.

6. చన్ను నొప్పిగా ఉన్నా, పొదుగు వేడిగా, గట్టిగా ఉన్నా, పాలలో ముక్కలు కనిపించినా, అది పొదుగువాపు కావచ్చు. వెంటనే పశువైద్యునికి చూపవలెను. నొప్పి ఉన్న బర్రె చేపదు.

7. మేత సంగతి నా విద్య గనుక గట్టిగా చెబుతాను. పాలిచ్చే బర్రెకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత, తగినంత ఎండుమేత కావలెను. శరీర పోషణకు ఇచ్చే దాణా గాక, ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున దాణా పెట్టవలెను. పారాగడ్డి ఒక్కటే చాలదు. అలసంద, లూసర్న్ వంటి పప్పుజాతి మేత కలపవలెను. మంచినీరు ఎప్పుడూ అందుబాటులో ఉండవలెను.

8. ఇప్పటికే సూదికి అలవాటుపడిన బర్రెకు ఒక్కనాడే మాన్పితే పాలు నిలిచి పొదుగువాపు రావచ్చు. పశువైద్యుని సలహాతో క్రమంగా తగ్గిస్తూ, పైన చెప్పిన పద్ధతులు విడువకుండా పాటించవలెను. కొన్నాళ్ళు పాలు తగ్గుతవి. ఆ నష్టాన్ని ఓర్చుకొనక తప్పదు. ముందే తెలిసి ఉంటే ధైర్యం చెడదు.

పెద్దమ్మా, నీవు ఈ రోజు కూడా ముందు వరుసలో కూర్చున్నావు. నీ బర్రెకు వచ్చినది రోగం కాదు. దాని తాళాలు అలసిపోయినవి. తాళపుచెవి దాని తలలోనే భద్రంగా ఉన్నది. నీ చేయి, నీ గొంతు, నీ ఓపిక కలిస్తే ఆ చెవి మళ్ళీ తిరుగుతుందని ఆశ ఉన్నది. అన్ని బర్రెలూ పూర్తిగా కోలుకుంటవని నేను మాట ఇవ్వలేను. అయితే ఈ ఏడు ఈనిన తొలిచూలు బర్రెకు మాత్రం మొదటి సూది పడకుండా చూడడం మీ అందరి చేతిలో ఉన్నది. మా అమ్మకు ఈ సంగతి చెప్పేవారు ఆనాడు లేరు. మీకు చెప్పడానికే నేను వచ్చినాను.

ఇక గడ్డి ముచ్చట చెప్పమంటారా?